హోంవర్క్ గది వెనక మెట్లు

గురువారం సాయంత్రం ఐదూ నలభైకి ఆన్స్ మరాన్ ఊరి పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

చేసింది ప్రైమరీ స్కూలు వాచ్‌మన్ బెర్ట్రాండ్ లెజామా. మిస్ ఇస్మే, వెనక మెట్లు, తొందరగా రండి. ఈ మూడు ముక్కలే తిప్పి తిప్పి అన్నాడు.

సార్జంట్ మెర్ల్ కాలెండర్ తొమ్మిది నిమిషాల్లో అక్కడుంది. స్టేషన్‌కీ స్కూలుకీ మధ్య రెండే వీధులు. ట్రినిడాడ్ నవంబరు వాన ఆ రెంటినీ కాలవలు చేసేసింది.

మిస్ ఇస్మే పాంటిన్ మెట్ల కింద పక్కకి ఒరిగి పడి ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మెడ ఉండకూడని వైపు వాలిపోయింది. నాడి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

కాలెండర్ టోపీ తీసి పట్టుకుంది.

ఊళ్ళో ఆవిడ తెలియనివాళ్ళు లేరు. టీచరుగా రిటైరయ్యాక పదకొండేళ్ళుగా ఆ స్కూల్లోనే హోంవర్క్ సెంటర్ నడుపుతోంది. బడి రెండున్నరకి వదిలేస్తారు. చేపల ఫ్యాక్టరీలోనూ హోటళ్ళలోనూ పనిచేసే తల్లులు ఐదింటికి గానీ రాలేరు. ఆ మధ్య వేళంతా ఇరవై ముగ్గురు పిల్లలు మేడ మీద గదిలో ఆవిడ దగ్గరే. ముందు కొబ్బరి బ్రెడ్డు ముక్క, గ్లాసుడు జ్యూసు. తర్వాత లెక్కలు, డిక్టేషన్. హోంవర్క్ అయిపోయినవాళ్ళు కింద షెడ్డులో స్టీల్ పాన్ నేర్చుకోవచ్చు. నూనె డ్రమ్ములు కోసి చేసిన ఆ వాయిద్యాల మోత వీధి చివరి దాకా వినబడేది.

"జారి పడ్డట్టుంది మేడమ్. మెట్లన్నీ తడి," అన్నాడు వెంట వచ్చిన కానిస్టేబుల్ రాంపాల్.

కాలెండర్ టార్చి వేసి, గోడవారగా ఒక్కో మెట్టూ ఎక్కింది.

మొత్తం పదహారు మెట్లు. రెండు గోడల మధ్య ఇరుకు దారి. కిటికీ లేదు. వాన పట్టిన సాయంత్రం లోపలంతా కటిక చీకటి. పైనుంచి మూడో మెట్టు మీద, రేకుల కప్పులోంచి నీటి చుక్కలు పడుతున్నాయి. పై గుమ్మం పక్కన, భుజమెత్తులో, లైటు స్విచ్ ఉంది.

ఆఫ్ చేసి ఉంది.

రుమాలు చుట్టుకుని నొక్కింది. లైటు వెలిగింది.

"రాంపాల్, ఇంత చీకట్లో, చేతికందే స్విచ్ ఉండగా, లైటు వెయ్యకుండా నువ్వు మెట్లు దిగుతావా?"

"దిగను మేడమ్."

"కింద ఇంకో స్విచ్ ఉందా?"

"లేదు."

"అంటే ఆవిడ లైటు వేసే ఉంటుంది. ఎవరో ఆర్పారు. ఆర్పిన మనిషి పైనే ఉండుండాలి."

రాంపాల్ మెట్ల కేసి కొత్తగా చూశాడు.

శవం దగ్గర రెండు వస్తువులు దొరికాయి. ఒకటి ఆవిడ సంచి. అందులో తాళాలు, చేతిరుమాలు, ఇంకా చించని కవరు. రెండోది ఆవిడ ఎడమచేతి కింద, నీటుగా మడతపెట్టిన గులాబీ రంగు రెయిన్‌కోటు. పదేళ్ళ పిల్లకి సరిపోయేది. కాలరు లోపల దారంతో రెండు అక్షరాలు కుట్టి ఉన్నాయి. జె. జె.

పై గదిలో టేబుల్ మీద రిజిస్టరు తెరిచి ఉంది. పిల్లని తీసుకెళ్ళేటప్పుడు తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఇరవై మూడు పేర్లకి ఇరవై రెండు సంతకాలు. ఆఖరిది ఐదూ రెండుకి. ఒక్క పేరు ఎదురుగా ఖాళీ.

జెలిసా జోఫీల్డ్.

*

శుక్రవారం ఉదయం తొమ్మిదింబావుకి హెడ్‌మాస్టర్ హరిలాల్ సూక్‌డియో ఆఫీసులో కాలెండర్ నోట్‌బుక్ తెరిచింది. ఆయన టేబుల్ మీద కాగితాలు సర్దిందే సర్దుతున్నాడు.

"నిన్న మధ్యాహ్నం మిస్ ఇస్మేతో మీరు గొడవపడ్డారట?"

"గొడవ కాదండీ. మాటా మాటా అనుకున్నాం."

"దేని గురించి?"

"క్రిస్మస్ సెలవుల్తో హోంవర్క్ సెంటర్ మూసేస్తున్నాం. ఆ గది కంప్యూటర్లకి కావాలి. అదే కాగితం మీద రాసి, కవరులో పెట్టి ఆవిడ చేతికిచ్చాను."

"ఏమంది?"

"నా ముందే చదవమన్నాను. చదవలేదు. సంచిలో పడేసి, ఇంటికెళ్ళి చూస్తానంది. నా మొహం కేసైనా చూళ్ళేదు. అంత లెక్కలేనితనం."

"ఐదింటి నుంచి ఐదూ నలభై దాకా మీరెక్కడున్నారు?"

"ఇక్కడే."

"ఎవరైనా చూశారా?"

సూక్‌డియో చేతులు కాగితాల మీద ఆగిపోయాయి. లేదన్నాడు. తర్వాత, అడక్కుండానే, ఆవిడంటే తనకి గౌరవమే తప్ప ఇంకేం లేదన్నాడు. కాలెండర్ అదీ రాసుకుంది.

స్టీల్ పాన్ నేర్పే కెరాన్ అలెక్సిస్‌కి ఇరవై మూడేళ్ళు. అతను షెడ్డులో స్టాండ్లు సర్దుతూ మాట్లాడాడు. మంగళవారం తనకీ మిస్ ఇస్మేకీ పేచీ వచ్చిన మాట దాచలేదు. ఈ మోతలో పిల్లలు చదివేది వినబడట్లేదని ఆవిడ కేకలేసింది. తను కూడా ఓ మాట తూలాడు. గురువారం మాత్రం ఆవిడతో మాట్లాడలేదు. నాలుగూ యాభైకి కచేరీకి పనికొచ్చే పిల్లల పేర్లు గట్టిగా పిలిచాడు. పైనుంచి ముగ్గురు దిగి వచ్చారు. అందులో జెలిసా ఒకతె. మిగతా ఇద్దరి తల్లులూ పైన సంతకం పెట్టి, పాట అయ్యేదాకా పిల్లల్ని షెడ్డులోనే ఉండనిచ్చారు. ఐదున్నరకి వాళ్ళని ఇళ్ళకి పంపేసి, షెడ్డు తాళం వేసుకుని, ముందు గేటు నుంచే వెళ్ళిపోయాడు.

"మిస్ ఇస్మేని నువ్వు మళ్ళీ చూళ్ళేదా?"

"చూశాను. ఐదుంబావుకి. అప్పుడొక పది నిమిషాలు వాన తెరిపిచ్చింది. ఆవిడ మేడ మీద కిటికీలో నిలబడుంది."

"ఏం చేస్తోంది?"

"ఏం లేదు. మా కేసే చూస్తోంది. సరే, పోన్లే, రాజీ పడదామని నవ్వి చెయ్యూపాను. రెండుసార్లు ఊపాను సార్జంట్. చూసి కూడా చూడనట్టు అలాగే నిలబడింది. పాట అయ్యేదాకా ఉండి కిటికీ మూసేసింది." అతను తలొంచుకున్నాడు. "నా మీద అంత కోపం పెట్టుకునే పోయింది."

ఐదుంబావుకి బతికుంది. ఐదూ నలభైకి లేదు. మధ్యలో ఇరవై ఐదు నిమిషాలు.

ఇక బెర్ట్రాండ్. ఆయనకి అరవై దాటాయి. ఆ స్కూలుకి వాచ్‌మనూ, తోటమాలీ, ప్లంబరూ అన్నీ ఆయనే. తలుపులకి తాళాలేస్తూ వచ్చి ఆవిణ్ణి చూశానన్నాడు. ఇంకేమీ తెలీదన్నాడు. ఏది అడిగినా అదే మాట. మాట్లాడుతున్నంతసేపూ మెట్ల వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

కాలెండర్ ఆయన్ని వదిలి, పగటి వెలుతురులో మెట్లు మళ్ళీ చూసింది. పైనుంచి మూడో మెట్టు దగ్గర వంగింది. సిమెంటు మీద గుండ్రంగా తుప్పు చార ఉంది. పళ్ళెమంత. నీటి చుక్క సరిగ్గా ఆ గుండ్రం మధ్యలో పడుతోంది.

ఇక్కడ ఏదో పెట్టేవారు. ఇప్పుడది లేదు.

బెర్ట్రాండ్‌ని పిలిచి అడిగింది. ఏమీ పెట్టలేదన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకి అలవాటు లేదని చూడగానే తెలిసిపోయింది.

*

మధ్యాహ్నం కాలెండర్ జెలిసా వాళ్ళ ఇంటికెళ్ళింది. ఆ పిల్లని పెంచుతున్నది మేనత్త విల్మా. జెలిసాకి రాత్రి నుంచీ జ్వరం. గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కాలెండర్ మంచం పక్కన ఓ నిమిషం నిలబడి, ఏమీ అడక్కుండానే వచ్చేసింది.

తిరిగి స్కూలు మీదుగా వస్తుంటే రెండూ నలభై ఐదయింది. హోంవర్క్ గదికి తాళం. అయినా నలుగురు పిల్లలు బాదం చెట్టు కింద సంచులు పెట్టుకుని కూచున్నారు. వాళ్ళ అమ్మలకి ఐదింటి దాకా సెలవు దొరకదు. వీళ్ళకి వేరే చోటు లేదు.

కాలెండర్ వాళ్ళ పక్కనే చతికిలబడింది. మిస్ కఠినంగా ఉండేదా అని అడిగింది. టెవిన్ అనే పిల్లాడు మిస్‌వి గబ్బిలం చెవులన్నాడు. వెనక బెంచీలో బిస్కెట్టు నమిలితే పేరు పెట్టి పిలిచేదట. మిగతావాళ్ళు నవ్వబోయి ఆపుకున్నారు.

ఒకరి నోట్‌బుక్ తీసుకుని తిరగేసింది. ప్రతి లెక్క పక్కనా ఎర్ర పెన్సిల్ టిక్కు. కానీ ఒక్కో పేజీలో ఒక్కో రకం టిక్కు. కొన్ని వంకర, కొన్ని బారెడు. టీచరు చెయ్యి కాదది.

"ఇవి ఎవరు దిద్దారు?"

"మేమే. పైకి చదువుతాం. మిస్ తప్పో ఒప్పో చెప్తుంది. మేం టిక్కు పెట్టుకుంటాం," అన్నాడు టెవిన్.

"ఆవిడే పెట్టొచ్చుగా?"

వాళ్ళలో పెద్దపిల్ల టెవిన్ మోకాలి మీద గిల్లింది.

"చెప్పొద్దంది మిస్," అన్నాడు టెవిన్.

"ఏం చెప్పొద్దంది?"

"ఏమీ చెప్పొద్దంది."

కాలెండర్ ఇంక గుచ్చి అడగలేదు. సాయంత్రం మిస్ సంచి ఎవరు పట్టుకెళ్ళేవారని మాత్రం అడిగింది. ఆఖరున మిగిలేవాళ్ళం వంతులేసుకున్నాం అన్నారు. మరి గురువారం వంతు ఎవరిదంటే నలుగురూ నేల చూపులు చూశారు. ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పరని ఆమెకీ అర్థమైంది.

*

శనివారం ఉదయం ఏడింటికి కాలెండర్ బజారుకెళ్ళింది. నిద్ర చాలక తల దిమ్ముగా ఉంది. కూరగాయల బల్ల దగ్గర చీటీ చూసుకుంటూ నడుస్తోంది.

"ఏంటమ్మా సార్జంట్," చేపలమ్మే ఈలా వెనకనుంచి అందుకుంది. "ఇందాకట్నుంచీ చెయ్యూపుతున్నా. చూసీ చూడనట్టు పోతున్నావ్. పెద్ద ఆఫీసరైపోయావా?"

"చూళ్ళేదు ఈలా. నిజంగా కనబళ్ళేదు."

ఆ మాట అని రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు.

మూడు వారాల కిందట ఇదే చోట మిస్ ఇస్మే, సంచి మోస్తున్న ఓ పిల్లాడితో, ఎదురైంది. కాలెండర్ నవ్వి తలూపింది. నోటితో పలకరించలేదు. ఆవిడ పక్కనుంచే వెళ్ళిపోయింది. ఆగస్టులో ఆవిడ పాత శిష్యుణ్ణొకణ్ణి కాలెండర్ అరెస్ట్ చేసింది. ఆ కోపమే అనుకుంది. ఇంటికెళ్ళి రెండ్రోజులు బాధపడింది కూడా.

కెరాన్ రెండుసార్లు చెయ్యూపాడు. అతనూ కోపమనుకున్నాడు.

హెడ్‌మాస్టర్ కాగితం ఇచ్చి చదవమన్నాడు. ఆయన లెక్కలేనితనం అనుకున్నాడు.

కాలెండర్ తన సంచి ఈలా బల్ల మీద పెట్టేసి స్టేషన్‌కి నడిచింది. తొమ్మిదీ పదికి హెల్త్ సెంటర్ డాక్టరు ఫోన్ ఎత్తాడు. ముందు పేషంటు సంగతులు చెప్పకూడదన్నాడు. ఆవిడ పోయిందని ఈమె అంది.

అప్పుడు చెప్పాడు. రెండు కళ్ళకీ గ్లకోమా. మార్చిలోనే చూపు దాదాపు పోయింది. ఎదురుగా ఉన్నది కిటికీయో గోడో తెలిసేటంత వెలుగు మాత్రం మిగిలింది. పిల్లల బాధ్యత మానెయ్యమని తను చెప్పాడు. ఆవిడ ఒక్కటే అడిగిందట. ఈ బ్యాచ్ హైస్కూలు పరీక్ష రాసేదాకా ఎవరికీ చెప్పకండి డాక్టరుగారూ అని.

పదకొండింటికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ వచ్చింది. మెడ విరగడం వల్ల మరణం, వెంటనే. కుడి మోకాలి కింద ముందువైపు, వంపుగా ఒక దెబ్బ. లోహపు అంచు తగిలినట్టు. గౌను అంచు మామూలు వానకి తడిసినదానికన్నా ఎక్కువ తడి.



*

సోమవారం పదింటికి హోంవర్క్ గదిలో కాలెండర్ ముందు నలుగురు. సూక్‌డియో, కెరాన్, బెర్ట్రాండ్, తలుపు దగ్గర రాంపాల్. పిల్లల చిన్న కుర్చీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూచున్నారు.

"గురువారం నుంచీ నేనొక తప్పు దారిలో పోయాను," అంది కాలెండర్. "స్విచ్ ఆఫ్ చేసి ఉంది. చీకట్లో లైటు వెయ్యకుండా ఎవరూ దిగరు. కాబట్టి ఎవరో ఆర్పారనుకున్నాను. మీ ముగ్గురినీ అనుమానించాను. నిజానికి ఆ స్విచ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ లైటు వెయ్యలేదు. వేసినా వెయ్యకపోయినా ఆవిడకి ఒకటే."

ఎవరికీ అర్థం కాలేదు.

"మిస్ ఇస్మేకి చూపు లేదు. మార్చి నుంచీ."

సూక్‌డియో అది కుదరని మాట అన్నాడు. రోజూ కలుస్తున్నాం, నాకు తెలియకుండా ఎలా ఉంటుందన్నాడు.

"చించని కవరు ఆవిడ సంచిలో ఉంది సార్. మీరు చదవమన్నప్పుడు చదవలేకపోయింది. కెరాన్, నువ్వు చెయ్యూపితే ఆవిడ చూళ్ళేదు. నేను బజారులో తలూపితే నన్నూ చూళ్ళేదు. ముగ్గురం మనల్నే అవమానించిందనుకున్నాం. ఆవిడకి ఏమైందని ఒక్కరం అనుకోలేదు."

బెర్ట్రాండ్ కుర్చీ కిర్రుమంది.

"మెట్లు ఆవిడకి కంఠతా వచ్చు. పదకొండేళ్ళ అలవాటు. రోజూ ఒక పిల్లో పిల్లాడో సంచి మోస్తున్నట్టు పక్కనే దిగేవాళ్ళు. గురువారం ఒక్కతే దిగింది. వాన మోతలో చుక్కల చప్పుడు వినబళ్ళేదు. మూడో మెట్టు మీద ఏదో కాలికి తగిలింది. ఏమిటది, లెజామాగారూ?"

ఆయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూచున్నాడు.

"బకెట్టు," అన్నాడు. "కప్పు కారినప్పుడల్లా పెడతాను, ఆ రోజు ఐదూ పదికి పెట్టాను. ఐదు దాటగానే ఆవిడ పిల్లతో దిగిపోతుంది కదా. గది తలుపు మూసుంటే, ఆ రోజూ వెళ్ళిపోయిందనుకున్నా. తాళాలేద్దామని వచ్చేసరికి కింద ఆవిడా, పక్కన బకెట్టూ. నేనే చంపానంటారని భయమేసింది. తీసి తోటలో దాచాను."

"భయపడి నాలుగు రోజులు దాచారు."

"భయం ఒక్కటే కాదమ్మా. నాకు అంతుబట్టలేదు. పసుప్పచ్చ రేకు బకెట్టు. ఎదురుగా ఉంది. లైటు వేసుకుంటే ఎవరికైనా కనబడుతుంది. ఆవిడకెలా కనబళ్ళేదని రాత్రిళ్ళు అదే ఆలోచన. నాకు చెప్పుంటే చేతిమీద నడిపించుకొచ్చేవాణ్ణి. పదకొండేళ్ళు ఒక చోట పనిచేశాం. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు దాచలేరు. అబద్ధం మీకు రాదు," అంది కాలెండర్. "ఎవరికి తెలిసినా గది మూసేస్తారు. పిల్లలు బాదం చెట్టు కిందకి పోతారు. అందుకే దాచింది."

సూక్‌డియో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ హెడ్‌మాస్టర్ అయిపోయాడు. రోజూ ఒక పిల్ల వెంట ఉండేదన్నారు, గురువారం ఉండాల్సిన పిల్ల ఎవరు, రిపోర్టులో రాయాలి కదా అని అడిగాడు.

"అది నా నోట్‌బుక్‌లో లేదు సార్."

"కానీ మీకు తెలుసు."

"ఇరవై ముగ్గురు పిల్లలకి తెలిసిన సంగతి ఈ ఊళ్ళో పెద్దవాళ్ళెవ్వరికీ తెలీలేదు. రిపోర్టులో రాయాల్సింది అది. అది రాస్తాను."

ప్రమాదవశాత్తూ మరణం. బెర్ట్రాండ్ మీద సాక్ష్యం దాచిన కేసు పెట్టాలా అని రాంపాల్ బయటికొచ్చాక అడిగాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఉన్నదున్నట్టు రాస్తాననీ, ఏం చెయ్యాలో ఆయన చూసుకుంటాడనీ కాలెండర్ చెప్పింది. బెర్ట్రాండ్ అప్పటికే తనంతట తనే బకెట్టు పట్టుకొచ్చి జీపు వెనక పెట్టాడు.

*

సాయంత్రం నాలుగింటికి ఆమె జోఫీల్డ్ వాళ్ళ ఇంటికెళ్ళింది. యూనిఫాం వేసుకోలేదు. చేతిలో రెయిన్‌కోటు.

జ్వరం తగ్గింది. జెలిసా వెనక అరుగు మీద కూచుంది. లోపల విల్మా పిండి పిసుకుతోంది. కాలెండర్ పక్కన కూచుని కోటు ఇద్దరి మధ్యా పెట్టింది. ఆ పిల్ల దాని కేసి చూసింది కానీ ముట్టుకోలేదు.

"గురువారం నా వంతు," అంది జెలిసా.

"తెలుసు."

"కెరాన్ సార్ నా పేరు పిలిచారు. మిస్‌కి చెప్పకుండా వెళ్ళిపోయా. చెప్తే వద్దంటుందని." వేలితో అరుగు గీకింది. "నేనుంటే పడేది కాదు కదా?"

కాలెండర్‌కి అబద్ధం నోటిదాకా వచ్చింది. ఈ పిల్ల ఆర్నెల్లు ఒక మనిషికి కళ్ళుగా ఉంది. ఏది అబద్ధమో కనిపెట్టేస్తుంది.

"నువ్వుంటే బకెట్టు చూసేదానివి. అవును. కానీ జెలిసా, అది నీ పని కాదమ్మా. పదేళ్ళ పిల్ల మోయాల్సిన పని కాదు. మాది. నేను ఆవిణ్ణి బజారులో చూసి కోపగించుకుని వెళ్ళిపోయాను. అడిగుండాల్సింది నేను."

లోపల పిండి పిసికే చప్పుడు ఆగింది. విల్మా వింటోంది.

"నాకోసం ఎదురు చూసిందా?"

"చూసింది. ఆఖరి పిల్ల ఎక్కడుందో తెలియకుండా ఆవిడ వెళ్ళదుగా."

"వదిలేసి పోయాననుకుందా?"

"లేదు. నువ్వెక్కడున్నావో ఆవిడకి తెలిసింది. కిటికీలో నిలబడి విన్నది. కెరాన్ చూశాడు. పాట మొత్తం అయ్యేదాకా కదల్లేదట. తర్వాత మళ్ళీ వాన ముంచుకొచ్చింది. నువ్వు కోటు వదిలేసి వెళ్ళావు. అది మడతపెట్టి చేతికేసుకుని నీకోసం దిగింది."

పిల్ల మొహం పాలిపోయింది. కాలెండర్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. జెలిసా వెయ్యనిచ్చింది, కానీ వాలలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"మేం రెండుసార్లు వాయించాం," అంది చివరికి. "ఎన్నోసారి విన్నది?"

"ఐదుంబావుకి."

"వాన పడుతున్నప్పుడా, ఆగినప్పుడా?"

"ఆగినప్పుడే. రేకుల మీద వాన మోతలో ఆ చప్పుడు పై దాకా వినబడదు."

"అయితే రెండోసారి. మొదటిసారి నేను మధ్యలో తప్పు కొట్టాను. సార్ అందర్నీ ఆపేశారు. రెండోసారి ఒక్క తప్పూ రాలేదు. మొత్తం కరెక్టుగా వాయించాను. అది విన్నదన్న మాట."

"అదే విన్నది."

జెలిసా తలూపింది. కోటు ఒళ్ళోకి తీసుకుంది. నాలుగు రోజుల్నించీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. విల్మా పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ వచ్చి పక్కన కూచునేదాకా కాలెండర్ కదలకుండా ఉండి, తర్వాత లేచి పెరటి దారిన వెళ్ళిపోయింది.